మూడో కాలంలో తొందర

1974 జూన్‌లో విజయవాడలోని ఒక ఎయిడెడ్ బాలికల హైస్కూల్లో డాన్సు టీచరుగా చేరాను. ఆర్డరు ఏడాది ప్రొబేషన్ మీద ఇచ్చారు. హాజరు పట్టీలో నా పేరు కుట్టుపని టీచరు పేరు కింద రాశారు. స్టాఫ్‌రూమ్‌లో నాకు కుర్చీ లేదు, గోడవార బల్ల ఉండేది. డ్రాయింగు మాస్టారికి కుర్చీ ఉంది. ఇవన్నీ చిన్న విషయాలని తర్వాత చాలామంది నాకు నచ్చజెప్పారు. వాళ్లందరికీ కుర్చీలున్నాయి.

ఇంటర్వ్యూలో హెచ్.ఎం. గారు, “ఇందులో పాఠ్యపుస్తకం ఏముంటుందమ్మా?” అని అడిగారు. నేను బదులుగా కప్పులు చూపించాను. మా నాన్న పెడనలో నేత పని చేసేవారు. తొమ్మిదో ఏట నన్ను భవానీపురంలో ఉన్న మా అత్తయ్యగారింట్లో ఉంచి, సత్యం మాస్టారి దగ్గర కూచిపూడి నేర్పించారు. పన్నెండో ఏటి నుంచి ఇరవయ్యో ఏటి దాకా పోటీలకు తిరిగాను. గుడివాడ, బందరు, తెనాలి, ఏలూరు, ఎక్కడికి వెళ్లినా మొదటి బహుమతో రెండోదో తెచ్చుకునేదాన్ని. జడ్జీలు తాళానికి విడిగా మార్కులు వేసేవారు. నాకు అందులో ఎప్పుడూ తగ్గలేదు.

మొదటి క్లాసు మధ్యాహ్న భోజనాల షెడ్డులో పెట్టారు, హాల్లో గచ్చు పాడవుతుందని. నలభై మంది పిల్లలు. డాన్సు టీచరు నేల మీద కూర్చుని, చిన్న చెక్క పలక మీద కర్రతో తాళం వేస్తూ జతులు చెబుతుంది, పిల్లలు దానికి అడుగులు వేస్తారు. ఒకే అడుగును మొదటి కాలంలో నెమ్మదిగా, రెండో కాలంలో దానికి రెట్టింపు, మూడో కాలంలో మళ్లీ రెట్టింపు వేగంతో చేయించాలి. కర్ర వేగం మాత్రం మారకూడదు.

నా కర్ర మారింది. పది నిమిషాలయ్యేసరికి పిల్లలు మొదటి కాలంలోనే రొప్పుతున్నారు. కుట్టుపని టీచరు షెడ్డు గడప దగ్గర నిలబడి, “డాన్సు టీచరు గారు బండి అందుకోవాలేమోనండీ!” అంది. పిల్లలు నవ్వారు. ఆ వారంలోనే హెచ్.ఎం. గారు పిలిచి, జనవరిలో డివిజన్ పోటీలున్నాయనీ, మన పిల్లలకు అక్కడ ఏదో ఒక స్థానం వస్తేనే ఉద్యోగం ఖాయం చేయమని రాస్తాననీ చెప్పారు. నిలబెట్టే చెప్పారు. ఆవిడ ఎదుట రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

ఆదివారం మాస్టారి దగ్గరికి వెళ్లాను. ఆయన వరండాలో ఎనిమిదేళ్ల పిల్లలకు అడుగులు చెబుతున్నారు.

“మాస్టారూ, కర్ర పట్టుకుంటే చెయ్యి పరిగెడుతోందండీ.”

“చెయ్యి కాదే, నువ్వే పరిగెడతావు. ఎనిమిదేళ్ల నుంచీ పరిగెడుతూనే ఉన్నావు.”

“మరి నాకు కప్పులెట్లా వచ్చాయండీ?”

“నువ్వు పరిగెడితే నీ వెనక నేను పరిగెత్తాను. నా వెనక మృదంగం పరిగెత్తింది. అందరం కలిసి పరిగెడితే ముందెవరు పరిగెట్టారో జడ్జీలకు ఏం తెలుస్తుందే?”

పిల్లలు ఫక్కున నవ్వారు. ఆ నవ్విన వాళ్లలో ఇద్దరి పేర్లు నాకిప్పటికీ గుర్తున్నాయి.

నేను నమ్మలేదు. ఆయన చేతితాళాలు తీసి, నన్ను జతిస్వరం ఆడమన్నారు. ఈసారి నా కోసం వేగం పెంచలేదు. మూడో కాలంలో చివరి తీర్మానం, అంటే ఆటను ముగించే జతి, పూర్తిచేసి చెయ్యి చాచి నిలబడ్డాను. నేను నిలబడిన తర్వాత, తీరిగ్గా, ఆయన తాళం ఆఖరి దెబ్బ పడింది. మళ్లీ ఆడమన్నారు. రెండోసారి మునుపు పోటీల్లో వేసినట్టు వేశారు. కాలికీ తాళానికీ మధ్య నూలుపోగు దూరే సందు లేదు. రెండుసార్లూ నేను ఆడింది ఒక్కలాగే.

కోపం వచ్చింది. అవమానమూ అనిపించింది. అయినా ఆ పనితనాన్ని మెచ్చుకోకుండా ఉండలేకపోయాను. ఎనిమిదేళ్లు, ఎన్నో స్టేజీల మీద, ఒక్కరికీ అనుమానం రాకుండా ఆయన నా తప్పును తన తాళంలో కలుపుకున్నారు. ఆడిన నాకే తెలియలేదు. అంత పని చేసి, గెలిచిన రోజున కప్పు నా చేతికిచ్చి వెనక బెంచీలో కూర్చునేవారు.

“నాకెందుకు చెప్పలేదండీ?” అన్నాను.

“చెబితే భయపడి కాలు కదిపేదానివి కాదు. ఆడేవాళ్లకు చెప్పకూడదు. ఇప్పుడు నేర్పేదానివయ్యావు కాబట్టి చెబుతున్నాను, కూర్చో.”

ఆరు నెలలు ప్రతి ఆదివారం ఆ పిల్లల పక్కనే కూర్చోబెట్టి నాతో కర్ర వేయించారు. వేగం పెరిగితే, “బస్సు వెళ్లిపోలేదులే, కూర్చో” అనేవారు. తన విద్యలో అసలు మెళకువ కూడా చెప్పారు. ఆడేవాళ్ల కాలు చూస్తూ తాళం వేస్తే అప్పటికే ఆలస్యమైపోతుంది. తొందర ముందు భుజంలోకి వస్తుంది, ఆ తర్వాతే కాలిలోకి. భుజం చూడాలి. ఏ పుస్తకంలోనూ నేనీ మాట చదవలేదు.

పోటీకి సుజాతను తయారుచేశాను. తొమ్మిదో తరగతి. గుణదల నుంచి వచ్చేది, వాళ్ల నాన్న ఆటోనగర్‌లో ఫిట్టరు. మంచి నడుము, తేటైన కళ్లు, మూడో కాలంలో నా జబ్బే. క్లాసులో సగం వరకు తగ్గించగలిగాను.

జనవరిలో ఒక శనివారం బందరులో పోటీ. హెచ్.ఎం. గారు స్వయంగా వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. పాట మా మ్యూజిక్ టీచరు, తాళం నేను. మృదంగానికి ఆ ఊరాయన్ని పిలిచాం. రెండు కాలాలు శుభ్రంగా జరిగాయి. మూడో కాలంలో సుజాత కుడి భుజం కొద్దిగా లేచింది. నా తాళం నేను నిలబెట్టుకుంటే పిల్ల జడ్జీల ముందు దొరికిపోతుంది, దానితో నా ఉద్యోగమూ పోతుంది. కాలు పరిగెత్తేలోపే తాళాన్ని దాని ముందుకు జరిపాను. మృదంగమాయన ఓసారి నా వంక చూసి, నా వేగంలో కలిశాడు. తీర్మానం ముగ్గురికీ ఒకే చోట పడింది.

రెండో బహుమతి వచ్చింది. ఫొటోకు హెచ్.ఎం. గారు మ్యూజిక్ టీచర్ని పిలిచారు. నన్ను పిలవలేదు. ఆ ఫొటో స్కూలు ఆఫీసులో చాలా ఏళ్లు వేలాడింది.

మాస్టారు చెప్పకుండా బస్సెక్కి వచ్చి, హాలు చివర నిలబడి చూశారట. బయట కలిసి, “పిల్ల ఎక్కడన్నా తొందరపడిందిటే?” అని అడిగారు. ఆయనకు తెలియలేదో, తెలిసే అడిగారో ఈ రోజుకీ నాకు అంతుపట్టలేదు. ఆయన నోట నేను విన్న మెప్పు అదొక్కటే. నాకది చాలింది.

సోమవారం క్లాసయ్యాక సుజాతను ఆపి, ఎక్కడ తొందరపడిందో, నేనేం చేశానో చెప్పాను. దాని మొహం పాలిపోయింది.

“మరి ప్రైజు తిరిగిచ్చెయ్యాలా, టీచర్?”

“అక్కర్లేదు. ఉంచుకో. నెల రోజులు మూడో కాలం జోలికి వెళ్లకు.”

ఏడ్చింది. మూడు రోజులు క్లాసుకు రాలేదు. నాలుగో రోజు వచ్చి, మొదటి కాలం నుంచి మొదలుపెట్టింది. ఏప్రిల్‌లో నా ఉద్యోగం ఖాయమైనట్టు ఆర్డరు వచ్చింది.

ఆ తర్వాత ముప్పై రెండేళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఆ పోటీ వల్ల నాకు తెలిసింది ఇది. స్టేజీ మీద శిష్యురాలి తప్పు బయటపడకుండా కాయడం గురువు పని. స్టేజీ దిగాక ఆ తప్పును ఆమెకు చెప్పడమూ గురువు పనే. మొదటి పని సత్యం మాస్టారిలా చేసినవారిని నేనింతవరకు చూడలేదు. రెండోది చేయడానికి ఆయనకు ఎనిమిదేళ్లు పట్టింది. నాకు రెండు రోజులు పట్టింది.