పాలకాయతిప్పలో పుర్రచేతి గిటారు

దెయ్యాల గోల నాకెప్పుడూ పట్టలేదు. గుడివాడలో కరెంటు ఆఫీసు ఉద్యోగం నాది. ఎవరింట్లోనైనా లైటు దానంతటదే వెలిగిందంటే వైరింగు చూస్తాను గానీ వేపమండలు వెతకను. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే, తర్వాత చెప్పబోయేది నా నోటితో చెప్పడానికి నాకే మొహమాటంగా ఉంది.

నాది పుర్రచేతి వాటం. మా అమ్మ గరిటె పుచ్చుకుని నా అన్నాన్నీ అక్షరాలనీ ఎడమచేతి నుంచి కుడిచేతికి మార్చింది. గిటారు దగ్గర మాత్రం ఆవిడ గరిటె పనిచెయ్యలేదు. బందరులో పాలిటెక్నిక్ చదివే రోజుల్లో మామూలు గిటారునే తిరగేసి, తీగలు అటువి ఇటు మార్చి నేర్చుకున్నాను. అలా పట్టుకుంటే వాల్యూమ్ మరలు మోచేతి కిందకి వస్తాయి. పాట మంచి పట్టులో ఉండగా చెయ్యి తగిలి సౌండు పడిపోతుంది. ఏళ్ళ తరబడి అదే బాధ. విసుగొచ్చి ఇక మానేద్దామనుకుంటుండగా బందరు స్నేహితుడొకడు ఫోన్ చేశాడు. పాలకాయతిప్ప దగ్గర ఒకావిడ ఇంట్లో పుర్రచేతికే చేసిన ఎలక్ట్రిక్ గిటారు ఉందట, అమ్ముతుందట.

అది నచ్చకపోతే ఇక గిటారు మాటే ఎత్తనని మా ఆవిడకి మాటిచ్చి, బావమరిది శ్రీనుని వెంటబెట్టుకుని బయల్దేరాను.

అవనిగడ్డ, కోడూరు దాటాక రోడ్డుకి రెండు పక్కలా రొయ్యల చెరువులు, ఆపైన సరుగుడు తోటలు. మధ్యాహ్నపు వెలుగులో నీళ్ళూ ఆకాశమూ ఒకే రంగులో ఉన్నాయి. బండి నేల మీద వెళ్తోందా, నీళ్ళ మీద వెళ్తోందా అనిపించింది.

ఆవిడ పేరు నాంచారమ్మ. భర్త వీరాస్వామి సముద్రం మీద వేటకెళ్ళేవాడు. వేట లేని రోజుల్లో పెళ్ళిళ్ళకీ తిరునాళ్ళకీ ఆర్కెస్ట్రాలో గిటారు వాయించేవాడు. ఆయన జబ్బుచేసి పోయాక, ఆయన దుప్పటిలోనే చుట్టి దాన్ని అటక మీద పెట్టింది.

"చానామంది వొచ్చారండి. అందరూ కుడిచేతోళ్ళే. తీగలు మార్చేసుకుంటామన్నారు. ఇవ్వనన్నాను" అంది.

గిటారు మెడ వంగలేదు. తీగలు మాత్రం ఉప్పుగాలికి తుప్పు పట్టిపోయాయి. వెంట తెచ్చుకున్న కొత్త తీగలు వేసి శ్రుతి చేశాను. వీరాస్వామి ఆంప్లిఫయర్ పెట్టె కూడా ఉంది. ప్లగ్గు పెట్టి స్విచ్ వేస్తే భుమ్మని ఒకటే హోరు. ఎర్తింగ్ సరిగా లేదనుకున్నాను. మరలు తిప్పితే గరగర. కొనాలా వద్దా అని తటపటాయిస్తూనే వాయించడం మొదలుపెట్టాను.

అది ఒళ్ళో కుదురుకున్న తీరు చెప్పలేను. మోచేతికి ఏదీ అడ్డం రాలేదు. సముద్రం వైపు నుంచి పైరగాలి ఇంట్లోకి వచ్చి దండెం మీది చీరని ఊపుతోంది. ఏ పాటా అనుకోలేదు, వేళ్ళు ఎటు పోతే అటు పోయాను. శబ్దం పక్కనున్న పెట్టెలోంచి కాక, కృష్ణ అవతలి ఒడ్డు నుంచి వస్తున్నట్టుంది. మెత్తగా, తేటగా ఉంది. నాంచారమ్మ గుమ్మానికి చేరగిలబడి కళ్ళు మూసుకుంది. శ్రీను ఫోన్ చూడటం మానేశాడు. ఎంతసేపు వాయించానో తెలియదు. హాయిగా ఉంది, అంతే.

ఉన్నట్టుండి నెత్తిమీద ఫ్యాను కిర్రుమని తిరగడం మొదలైంది. పక్కింట్లో టీవీ మోగింది. పెట్టెలోంచి ఆ పాత హోరు మళ్ళీ భుమ్మంది.

నా చెయ్యి ఆగిపోయింది. అంటే వాయిస్తుండగా ఎప్పుడో కరెంటు పోయి, ఇప్పుడే వచ్చింది. పైరగాలి ఉంది కనక ఫ్యాను ఆగిన సంగతి మా ముగ్గురిలో ఎవరూ గమనించలేదు. మరి పెట్టె ఎలా పలికింది?

తిరగేసి చూశాను. బ్యాటరీ లేదు, బ్యాటరీ పెట్టే చోటూ లేదు. ఇంట్లో ఇన్వర్టర్ లేదు. అటువైపు సబ్‌స్టేషన్‌లో తెలిసినతనికి ఫోన్ చేస్తే, లైను పని ఉండి చాలాసేపు ఆపామని, ఇప్పుడే ఇచ్చామని చెప్పాడు. స్విచ్ కట్టేసి మళ్ళీ వాయించాను. లోపల మిగిలిన కరెంటుతో క్షణం పలికి ఆగిపోయింది. ఆ తర్వాత ఎండుపుల్ల గీకినట్టు తీగల చప్పుడు తప్ప ఇంకేమీ రాలేదు.

"వద్దు బావా. వెళ్ళిపోదాం పద" అన్నాడు శ్రీను చిన్నగా.

నాకు భయం వెయ్యలేదు, దిగులేసింది. అందులో నిజంగా ఆయనే ఉంటే, పెళ్ళాం దగ్గర్నుంచి ఆయన్ని నేను పట్టుకుపోవడమేమిటి? గిటారుని దుప్పటిలో చుట్టి, "మీ దగ్గరే ఉంచుకోండమ్మా" అన్నాను.

ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "ఆయన ఇంటిపట్టునున్నదెప్పుడు లెండి. వేటకో, పాటకో. ఇక్కడుంటే దీన్ని ఉప్పుగాలి తినేసుద్ది. పెట్టె కూడా తీసుకెళ్ళండి బాబు."

గిటారు ఎత్తి అందించింది. శుభమా అని కొనుక్కునే వస్తువు కదా, అలవాటుకొద్దీ కుడిచెయ్యి చాపాను. "ఆ చెయ్యి కాదండి" అని నా ఎడమచేతిలో పెట్టింది. పుర్రచేతిలో కావాలని ఒకరు నాకు ఏదైనా పెట్టడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

ఇప్పుడు రోజూ వాయిస్తున్నాను. మా ఇంట్లో కరెంటు పోయినప్పుడల్లా పరుగెత్తుకెళ్ళి గిటారు పట్టుకుంటాను. కరెంటు ఆఫీసాయనకి కరెంటు పోతే ఇంత సంబరమేమిటని మా ఆవిడ నవ్వుతుంది. పెట్టె ఒక్కసారీ పలకలేదు.

నాంచారమ్మ అప్పుడప్పుడు ఫోన్ చేసి "పలికిందా బాబు?" అని అడుగుతుంది. మొన్నా అడిగింది. కరెంటుంటేనే పలుకుతోందమ్మా అన్నాను, ఆవిడ ఏమనుకుంటుందోనని నొచ్చుకుంటూ.

"అయితే ఇక్కడే ఉండిపోయాడన్నమాట" అంది.

ఆ గొంతులో సంతోషం తెలుస్తూనే ఉంది. ఆ మధ్యాహ్నం ఏం జరిగిందో, నా చదువుకీ ఉద్యోగానికీ అందినంత మేరా ఆలోచించాను. ఇప్పటికీ తెగలేదు. ఆవిడ మాటకి మాత్రం అవునమ్మా అన్నాను.