తమ్ముడికి ముద్ద పెట్టిన అక్క

పోయిన వారం కోడుమూరులో మా వీధి ఆశా కార్యకర్త చనిపోయింది. షుగరు ముదిరి కిడ్నీలు చెడిపోయాయని ఆసుపత్రిలో చెప్పారట. వీధిలో అందరికీ ఆమె అక్క. మాకు ఆ ఒక్క మాట చాలదు. నా తమ్ముడు నడవలేడు, మాట్లాడలేడు. ముప్పై దాటినా వాడి నోట్లో ఎవరో ఒకరు ముద్ద పెట్టాలి. కరోనా నాటినుంచీ ఆ ఎవరో ఒకరు ఆమే.

అంతకుముందు ఆ పని అమ్మది. అమ్మ చేతి ముద్ద తప్ప వాడు ముట్టడు. అమ్మకు జ్వరం వచ్చి అంబులెన్సులో కర్నూలుకు తీసుకుపోయిన రోజు నేను పని కోసం కల్లూరులో అద్దెగదిలో ఉన్నాను. దారులన్నీ మూసేశారు. ఇరుగుపొరుగు మా గడప తొక్కలేదు. వాళ్లను తప్పుపట్టను, ఆ భయం అలాంటిది. అక్క ఒక్కతే లోపలికి వెళ్లింది. మధ్యాహ్నం ఫోన్ చేసింది.

“మీ తమ్ముడు నోరు తెరుస్తాలేడు పాపా. పొద్దున్నుంచి ఒక్క మెతుకు గూడా పోలేదు.”

“అమ్మ చీర కట్టుకో అక్కా. ఆ వాసన తగిలితే తింటాడేమో” అన్నాను.

జ్వరం మనిషి విడిచిన చీర. తనకు చెప్పిన జాగ్రత్త ప్రకారం దాన్ని బ్లీచింగ్ నీళ్లలో నానబెట్టి, ఎండకు ఆరేసి, అప్పుడు కట్టుకుంది. ఇంకేం వాసన ఉంటుంది? వాడు మొహం తిప్పుకున్నాడు. తర్వాత ఎప్పుడు ఆ ముచ్చట వచ్చినా “నాయంత తెలివిగల్లది యాడా ఉండదులే” అని తనను తానే ఎగతాళి చేసుకునేది.

మూడో రోజు మాస్కు తీసేసి వాడి ఎదురుగా కూర్చుందట. రాగిసంగటి తాను ఒక ముద్ద తిని, వాడికొకటి చూపించిందట. నాలుగు ముద్దలు తిన్నాడు. మాస్కు ఎందుకు తీశావని నేను ఫోన్లోనే అరిచాను.

“మూతి కనపడకుంటే వాడెట్ల నమ్ముతాడు? ఆకలి ఒకటే సాలదు పాపా, నమ్మకం గూడా ఉండల్ల” అంది.

అమ్మ తిరిగి రాలేదు. నేను ఇల్లు చేరాను గాని, వాడు నా చేతి ముద్ద తినలేదు. అక్కే రోజూ రెండు పూటలా వచ్చి పెట్టేది. “ఏమప్పా దొరా, సంగటి సల్లారతాండాది, దయసేయి” అంటే వాడు పకపకా నవ్వేవాడు. తన కాళ్లు వాచిన రోజుల్లో కూడా మానలేదు, చెప్పులు ఈడ్చుకుంటూ వచ్చేది. “నువ్వు పెట్టడం నేర్సుకో పాపా, నేను ఎల్లకాలం ఉంటానా?” అనేది. “నీకేమైతాది అక్కా” అని నేను నిశ్చింతగా పనికి పోయేదాన్ని. దానికి నమ్మకం అని పేరు పెట్టుకున్నాను. నిజానికి అది నా సోమరితనం.

ఆకలైతే వాడే తింటాడులే అని వీధిలో అంటున్నారు. వారమైంది. చెంచాతో గంజి పోస్తుంటే సగం మెడ మీదికి కారిపోతోంది. డాక్టరు ముక్కులో గొట్టం వేద్దామంటున్నాడు. అక్క చేసినట్టే అన్నీ చేసి చూశాను. ముందు నేను తిన్నాను, దొరా అని పిలిచాను. నా గొంతులో ఆ పిలుపు నాకే అబద్ధంలా వినిపించింది.

నిన్న పొద్దున వీధిలో ఎవరో చెప్పులు ఈడ్చుకుంటూ వస్తున్న చప్పుడైంది. వాడు వాకిలి వైపు తిరిగి నోరు తెరిచాడు. చప్పుడు మా ఇల్లు దాటిపోయింది. వాడు చాలాసేపు అలాగే నోరు తెరుచుకుని వాకిలినే చూశాడు. నేను ముద్ద పట్టుకుని అటు వెళ్లి కూర్చున్నాను. నన్ను చూసి నోరు మూసుకున్నాడు.