బోట్స్‌వానా నుంచి ఫోన్

రెండేళ్ల కిందట పొలం కాగితాల పని మీద పలాసలో టెక్కలి బస్సెక్కితే నా పక్కన ఒకావిడ కూర్చుంది. ముప్పై అయిదేళ్లుంటాయి. చేతిలోని ఫోన్‌నే చూస్తూ, నేనడక్కుండానే తన సంగతి చెప్పింది.

వాళ్లాయన ఆఫ్రికాలో, బోట్స్‌వానా చిత్తడి నేలల్లో, అడవి జంతువుల్ని చూడ్డానికొచ్చే యాత్రికులకు వంట చేస్తాడట. వాళ్లతోపాటు పడవలో ఒక దీవికి వెళ్లి, అక్కణ్నుంచి కాలినడకన అడవిలో తిరగాలట.

"రెండ్రోజుల్లో తిరిగొచ్చి ఫోన్ సేత్తానన్నాడు. ఐదు రోజులైపోనాది. ఆ నీళ్లనిండా మొసళ్లేనంట కదమ్మా," అంది. ఆయన్ని పంపిన ఏజెంటును అడగడానికే టెక్కలి బయల్దేరింది.

ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

నందిగాం దగ్గరికొచ్చేసరికి ఫోన్ మోగింది. కంగారులో స్పీకర్ నొక్కేసింది.

"నానేనే! పడవ ఇంజిను పాడైపోనాది. దీవి అవతల ఇంకో పడవుంది, ఆడికి నడిసెల్దామంటే ఏనుగుల మంద దారికడ్డంగా ఉండిపోనాది. ఇయ్యాలే కదిలినాయి, ఇప్పుడే తిరిగొచ్చినాం. అందరం బాగానే ఉన్నాం."

ఆవిడ ఫోన్‌ని రెండు చేతుల్తో నోటి దగ్గరికి తెచ్చుకుంది.

"తిన్నావా బావా?" అంది.

"వంటోడ్ని నానే కదే!"

వెనక సీట్లవాళ్లు నవ్వేశారు. ఆవిడ నవ్వుతూనే ఏడ్చేసింది.

"ఆపండి బాబూ, దిగిపోతాను! ఇంక టెక్కలిలో నాకేటి పని?" అని కండక్టర్ని కేకేసింది. దిగే ముందు నా బుగ్గ నిమిరింది. బస్సు కదిలాక చూస్తే, రోడ్డుకవతల పలాస బస్సు కోసం నిలబడి, ఫోన్‌లో ఆయన్ని గట్టిగా తిడుతోంది.

సాయంత్రం ఇంటికి చేరగానే, పొలం కాగితాల పని ఏమైందని అమ్మ అడిగింది.

"ఆయన క్షేమంగానే ఉన్నాడమ్మా," అన్నాను.