చోడంబలి అత్త

మా రాజాం బస్టాండులో చోడంబలి అమ్మే అత్త, తాగడానికొచ్చిన ప్రతివాణ్ణీ ‘అల్లుడూ’ అనేది. అయినా ఆ పిలుపు నాకొక్కడికే చెందినట్టు చిన్నప్పుడు మురిసిపోయేవాణ్ణి.

కొండల్లో గొడవలు మొదలై, కొత్త మొహం కనబడితే పోలీసులు వ్యానెక్కిస్తున్న రోజులవి. ఆ అంబలి మీద మనసై ఏళ్ల తర్వాత మద్రాసు నుంచి వచ్చినవాణ్ణి, బస్సు దిగి ఆవిడ దగ్గరికెళ్లి, చోళ్లను రాగులనడం అలవాటైపోయి, “రాగిజావ ఇవ్వండి” అన్నాను.

పక్కనున్న హెడ్ కానిస్టేబులు లాఠీతో నా భుజం తట్టాడు.

“ఏ ఊరు?”



అత్త ముంత నా చేతిలో పెట్టి కసిరింది. “సోడంబలి పేరే మరిసిపోనావేటిరా? మా అల్లుడే బాబూ. పట్నమెల్లి పాడైపోనాడు.”

అతను నన్ను ఎగాదిగా చూసి కదిలాడు. వ్యాను వెళ్లేదాకా అత్త నా మణికట్టు వదల్లేదు. తర్వాత మెల్లగా అడిగింది.

“ఇంతకీ నువ్వెవులివి బాబూ?”