మోటారు షెడ్డు మలుపులో డబ్బా

పడమటి గట్టున పిట్టలు వాలితే తూర్పు గట్టున డబ్బా కొట్టే కాపలాదారు కొల్లేటి చుట్టుపక్కల నిత్యానందం ఒక్కడే. చేపల చెరువు మీదికి నీటికాకులు నల్లటి వానలా దిగుతాయి. ఆయన మాత్రం సొట్టల నూనెడబ్బా చంకన పెట్టుకుని, మోటారు షెడ్డు మలుపులో నిలబడి, ఒక్క రెక్కయినా లేని ఆకాశాన్ని అదిలిస్తాడు.

"బాబాయ్ గారూ, పిట్టలు అటున్నాయి కదండీ!" అని చెరువు యజమానురాలు విజయకుమారి మొత్తుకునేది.

"అటున్నవి తింటున్నాయమ్మా. తినేవాటిని లేపడం ఏం మర్యాదండీ?"

"తినేది మన చేపల్నండీ!"

"అవునండీ, బాగా ఎదిగాయి," అనేవాడు సంతోషంగా.

చివరికి ఆకివీడు లారీవాళ్ళు కూడా నవ్వారు. "మీ చెరువులో చేపలకన్నా పిట్టలే బలిశాయండీ. వాటినే తూకం వేసేద్దామా?"

ఇక లాభంలేదనుకుంది విజయకుమారి. నిత్యానందాన్ని పనిలోంచి తీసేయడానికి భర్త వెంకట్రాజును వెంటబెట్టుకుని గట్టెక్కింది. వట్లూరు కాలేజీ జంట ఒకటి షెడ్డు వైపునుంచి బైకు మీద ఎదురొచ్చి, తలలు వంచుకుని వెళ్ళిపోయింది.

నిత్యానందం కనబడలేదు. ఎండ మండిపోతోంది. ఇద్దరూ షెడ్డు వెనక నీడలో కూర్చున్నారు. నీళ్ళు తుంగ చెవిలో ఏదో చెబుతున్నాయి. ఇంటినిండా అత్తగారు, తోడికోడళ్ళు, పిల్లలు. ఈ మొగుడూ పెళ్ళాలు మాట్లాడుకునేది బీరువా తలుపు చాటున, అదీ తాళాలు వెతుకుతున్నట్టు.

"ఏవండీ, ఇక్కడ ఎవరూ లేరు," అంది ఆమె ఆశ్చర్యంగా.

వెంకట్రాజు ఆమె ఒళ్ళో తల పెట్టుకున్నాడు. ఆమె వేళ్ళు అతని జుట్టులో దారి తప్పాయి.

డబడబడబ! మలుపులో డబ్బా మోగింది. అతను ఎగిరి మోటారు పైపు పట్టుకున్నాడు. ఆమె పైట సర్దుకుంది. అన్నం క్యారియరుతో అత్తగారు ప్రత్యక్షమైంది.

"ఏం చేస్తున్నార్రా?"

"మోటారు చూస్తున్నామమ్మా."

"జుట్టంతా అలా రేగిపోయిందేం?"

"ఇందాక పెద్దగాలి వేసిందండీ," అన్నాడు వెనకనుంచి నిత్యానందం, ఆకు కదలని ఎండలో.

అత్తగారు చెరువు చూడ్డానికి అటు వెళ్ళగానే విజయకుమారి గొంతు తగ్గించింది. "బాబాయ్ గారూ, ఇన్నాళ్ళూ ఆ డబ్బా..."

"ఇటు ఎవరైనా వస్తుంటే కొడతానమ్మా. షెడ్డు వెనకున్నది కాలేజీ పిల్లలైతే మెల్లగా కొడతానండీ. పాపం, దడుచుకుంటారు."

పని మానమని చెప్పడానికి వచ్చిన ఆమె ఆయన చంకలోని డబ్బా వంక చూసింది.

"ఆ డబ్బా మరీ సొట్టలు పడిపోయింది. కొత్తది తెప్పిస్తాను."

"మరి మన చేపలో?" గొణిగాడు వెంకట్రాజు.

పడమటి గట్టున రెండు నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటూ ఒకదాన్నొకటి ఆనుకుని కూర్చున్నాయి.

"ష్... లేపకండి," అంది విజయకుమారి.