పులిహోర ట్రేతో కయాక్ ట్రయల్

నిన్న లేక్ దగ్గర నా పరువు ఎలా పోయిందో చెప్తా, నవ్వకుండా వినండి. సరే, నవ్వండి. మా ఆయనైతే నిన్నట్నుంచీ ఆపనే లేదు.

ఆగస్టులో మూడు జంటలం అలాస్కా వెళ్తున్నాం. అక్కడ అడవిలో ఒక నది మీద, కయాక్ అనే సన్నటి చిన్న పడవల్లో వారం రోజుల ట్రిప్. రోడ్డుండదు, సిగ్నల్ ఉండదు. చిన్న విమానం మనల్ని దింపేసి వెళ్ళిపోతుంది, అంతే! ఇదంతా ప్లాన్ చేసింది మా టీమ్‌లో పనిచేసే కిరణ్. అతనిదొక్కటే కండిషన్: "లేక్‌లో ట్రయల్ పాసైతేనే ట్రిప్. సామాను నింపిన కయాక్ తిరగబడితే ఎవరికి వాళ్ళు బయటికి రావాలి. రాలేనివాళ్ళు ఇక్కడే, రెడ్‌మండ్‌లో ఇంట్లోనే ఉండాలి."

"అయితే నువ్విక్కడే," అన్నాడు మా ఆయన. ఒళ్ళు మండిపోయింది! చలికాలమంతా పూల్‌లో క్లాసులు తీసుకున్నానండీ. ఎలాగైనా వెళ్ళి తీరాలనుకున్నా.

ఫుడ్ డిపార్ట్‌మెంట్ నాది. వేడినీళ్ళు పోసుకునే ప్యాకెట్లు చాలన్నాడు కిరణ్. వారం రోజులు అవేం తింటాం! అందుకే గ్రూప్‌లో మెసేజ్ పెట్టా: "తలా ఒక ఐటమ్ చేసి ట్రయల్‌కి తీసుకురండి, కయాక్‌లో పడుతుందో లేదో చూద్దాం." కొంచెం శాంపిల్ తెమ్మని నా ఉద్దేశం. కానీ ఇలా తలా ఒకటి వండి తెచ్చే పాట్‌లక్ అంటే మనవాళ్ళలో ఎవరైనా కొంచెం చేస్తారా? తక్కువైతే బాగోదు కదా!

కిరణ్ వాళ్ళావిడ పద్మ, బర్త్‌డే పార్టీలకి తెచ్చే అల్యూమినియం ట్రే నిండా పులిహోర తెచ్చింది. మూడో జంటలో స్వాతి చపాతీలు, బంగాళాదుంప కూర, "పిల్లలకి ఉంటుందని" కారంలేని పప్పు కూడా తెచ్చింది. ఈ ట్రిప్‌కి పిల్లలే రావట్లేదు! నేను మాత్రం తక్కువా? గోంగూర పచ్చడి, వడియాలు, పెద్ద గిన్నెడు పెరుగన్నం.

తీరా చూస్తే కయాక్‌లో సామాను పెట్టే కంత కుక్కర్ మూతంతే ఉంది. ట్రే ఎటు తిప్పినా దూరదు.

"సుధా, ఈ వాసనకి ఎలుగుబంట్లు లైన్ కడతాయి తల్లీ," అన్నాడు కిరణ్ నాతో. అంటూనే ప్లేట్ అందుకున్నాడు.

మరేం చేస్తాం? పారేయడానికి చేతులు రావు కదా. ఒడ్డున దుప్పటి పరిచి కూర్చున్నాం. "అక్కా, ఇంకొంచెం," అని పద్మ, "నా చపాతీ తినలేదేం?" అని స్వాతి. ఒకరిది తిని ఒకరిది మానేస్తే ఊరుకుంటారా? వాళ్ళంతా పొద్దున్నే ట్రయల్ పాసైపోయి నిశ్చింతగా తింటున్నారు. నా వంతు లంచ్ తర్వాతని నాకు గుర్తుంటేగా!

ఇంతలో ఇన్‌స్ట్రక్టర్ మేగన్ పిలిచింది. పడవలోకి నీళ్ళు రాకుండా నడుముకి బిగించే రబ్బరు స్కర్ట్ ఇచ్చింది. ఊపిరి బిగబట్టి లాగా. పైకి రాదు. మా ఆయన ఒకవైపు, కిరణ్ ఒకవైపు పట్టుకుని లాగారు. ఊహూఁ! పోనీ ముందు పడవలో కూర్చుని చూద్దామంటే సగంలోనే ఆగిపోయా. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి.

వచ్చే శనివారం, ఖాళీ కడుపుతో, ఇంకో ఛాన్స్ ఇచ్చారులెండి. కానీ మేగన్ మొహం మాత్రం కళ్ళముందే ఉంది. పాపం, పడవలోంచి బయటికెలా రావాలో నేర్పడానికొచ్చిన మనిషి, నన్ను లోపలికెలా పంపాలా అని నడుం మీద చేతులేసుకుని అలాగే నిలబడిపోయింది!