పన్నెండో నిమిషంలో ఆపేసిన సీరియల్

మా క్వార్టర్‌కీ పక్క క్వార్టర్‌కీ మధ్య ఒకే గోడ. ఆ గోడకు ఇటువైపు నేను, అటువైపు నేను వదినా అని పిలిచే మనిషి. చుట్టరికం ఏమీ లేదు. మా ఆయనా వాళ్ళాయనా స్టీల్ ప్లాంటులో ఒకే డిపార్ట్‌మెంట్. మాది శ్రీకాకుళం పక్క పల్లె, వాళ్ళది విజయనగరం దగ్గర. భిలాయిలో అంత దగ్గరతనం చాలు, వదినా అనుకోవడానికి.

నేను ఇక్కడికి కాపురానికి వచ్చిన రోజు సాయంత్రమే సెక్టార్ బజారుకు వెళ్ళాను. ఆనపకాయ చూపించి, "ఇదేటి, ఎంత?" అని అడిగాను. కూరలవాడికి నా భాష అర్థం కాలేదు. అతను నవ్వలేదు. నవ్వింది పక్కన నిలబడ్డ ఆడవాళ్ళు నలుగురు, తెలుగువాళ్ళే, మా వైపు వాళ్ళు కారు. ఒకావిడ "ఏటి, ఏటి" అని నాలాగే అని చూపించింది. మిగతావాళ్ళు నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. ఆవిడ కట్టుకున్న చీర రంగు కూడా నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ గుంపులో నవ్వనిది ఒక్కతే, ఈ పక్కింటి వదిన. దగ్గరకొచ్చి, నా చేతిలోంచి సంచి అందుకుని, "ఏ ఊరొదినా మనది?" అంది. ఆ ఒక్క మాటతో ఆమె మీద నా తీర్పు అయిపోయింది. దాదాపు ముప్పై ఏళ్ళు ఆ తీర్పు మార్చుకోవలసిన అవసరం రాలేదు.

తెలుగు చానళ్ళు మా ఇంట్లోనే వచ్చేవి. ఆమె ఇంట్లో టీవీ ముందు వాళ్ళాయన హిందీ వార్తలు, పిల్లల క్రికెట్. మా ఇంట్లో కూడా మగవాళ్ళు మాకు వదిలిపెట్టింది ఒక్క అరగంటే, ఏడున్నర నుంచి ఎనిమిది. అరగంటలో ఒక్క సీరియలే పడుతుంది. ఒకసారి ఒప్పుకుంటే అది రెండేళ్ళు, మూడేళ్ళు ఆ అరగంటను వదలదు. అందుకని కొత్తది మొదలైనప్పుడల్లా మొదటి ఎపిసోడ్ రోజున ఇద్దరం కూర్చుని తేల్చేవాళ్ళం, ఇది ఉండాలా, పోవాలా అని.

నా పరీక్ష ఒకటే. ఆ ఇంట్లో ఎవరైనా ఏదో ఒక పని చేసుకుంటూ మాట్లాడుతున్నారా? చిక్కుడుకాయలు ఒలుస్తూనో బట్టలు మడతపెడుతూనో మాట్లాడే మనిషి ఒక్కరైనా కనిపించాలి. అందరూ పట్టుచీరలతో మెట్ల కింద వరసగా నిలబడి ఒకరినొకరు చూసుకుంటూ ఉంటే అది ఇల్లు కాదు. ఆమె పరీక్ష వేరు. మొదటి రోజే ఒక్కసారైనా కళ్ళనీళ్ళు రావాలి. "ఏడిపించనేనోడు రేపేటి చూపిస్తాడొదినా?" అనేది. రెండు పరీక్షలూ నెగ్గిందే మా ఇంట్లో నడిచేది. ఆమె కుర్చీలో కూర్చోదు. నేల మీద గోడకు ఆనుకుని కూర్చుంటుంది. ఆమె తల ఆనిన చోట కొబ్బరినూనె మరక పడింది. తువ్వాలు వేసుకోమని నేను ఎన్నోసార్లు చెప్పాను. వినలేదు. అది కూడా నేను మరిచిపోలేదు.

ఆ సోమవారం ఆమె జామకాయ ముక్కలు ఉప్పూకారం చల్లి గిన్నెలో తెచ్చింది. నెల రోజులుగా ప్రకటనలు చూపిస్తున్న కొత్త సీరియల్ మొదలైంది. పెద్ద ఇల్లు, పాలరాతి మెట్లు, కొత్త కోడలు. నేను ఎప్పటిలాగే పని చేసే మనిషి కోసం వెతుకుతున్నాను. దొరికింది. పనిమనిషి. చేతిలో చీపురు పట్టుకుని వచ్చి, "ఏటమ్మగారూ, ఇలగైపోనారు?" అంది. వెనక నుంచి గంట కొట్టినట్టు టింగుమని ఒక శబ్దం వేశారు. అంటే ఇక్కడ నవ్వాలి అని మనకు చెప్పడం. ఆమె రెండోసారి నోరు తెరిచింది. మళ్ళీ అదే శబ్దం. ఆ ఇంట్లో ఎనిమిది మంది ఉన్నారు. మిగతా ఏడుగురూ ఏం మాట్లాడినా వీణలు, వేణువులు. మా భాష మాట్లాడినావిడకు మాత్రం టింగు.

యాడ్స్ వచ్చి పోయాయి. పనిమనిషి మూడోసారి నోరు తెరిచింది. నా పక్కన నేల మీద కూర్చున్న మనిషి నవ్వింది. నవ్వి, నా మోకాలి మీద చెయ్యి వేసి, "ఒలమ్మ, అచ్చం నువ్వేనొదినా!" అంది.

బజారులో ఆ నలుగురి నవ్వుకూ దీనికీ ఎంత తేడా ఉందో నాకు ఆ క్షణాన తెలియలేదు. తేడా ఏమీ కనిపించలేదు. రిమోట్ తీసి టీవీ ఆపేశాను. గోడ గడియారం చూశాను కాబట్టి చెబుతున్నాను, పన్నెండో నిమిషం.

"అదేటొదినా, అప్పుడే కట్టీసావు?"

"తెలిసిపోయింది."

"సగమైనా అవనేదు కదా. ఉండు, ఓపాలి పూర్తిగా చూద్దాం."

"మా ఇంట్లో ఇది నడవదు."

మా ఇంట్లో అన్న మాట అంతకు ముందు ఎప్పుడూ మా మధ్య రాలేదు. ఆమె గిన్నె తీసుకుని లేచింది. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ, "నీకు మొదటి రోజే అన్నీ తెలిసిపోతాయొదినా," అని వెళ్ళిపోయింది. మర్నాడు రాలేదు. నేను పిలవలేదు. నవ్వింది ఆమె కాబట్టి రావలసింది ఆమె.

చానల్ వాళ్ళకు ఉత్తరం రాశాను. నాలుగు పేజీలు, చేత్తో. మా జిల్లాల మనుషులు మాట్లాడితే ఆ శబ్దం ఎందుకు వేస్తారు, మీ ఇళ్ళల్లో మా వైపు వాళ్ళు చీపుళ్ళతో తప్ప కనిపించరా అని అడిగాను. హథ్‌ఖోజ్ ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక వర్క్‌షాపులో పనిచేసే మా అబ్బాయిని పోస్టు చేయమన్నాను. వాడు కవరు బరువు చూసి, "మమ్మీ, ఇత్నా కౌన్ పఢేగా?" అన్నాడు. తర్వాత తెలుగులో చెప్పడానికి ప్రయత్నించి, "ఎవరూ చదవరు మమ్మీ, ఛోడో నా," అన్నాడు. జవాబు రాలేదు. క్వార్టర్ల మెయింటెనెన్స్ ఆఫీసులో నన్ను చూస్తే గుమాస్తా "ఆయియే, కంప్లెయింట్‌వాలీ ఆంటీ" అంటాడు. అయినా అక్కడ మూడో ఉత్తరానికో నాలుగో ఉత్తరానికో ఒక మేస్త్రీ వచ్చి పైపు చూసి వెళ్తాడు. ఈ ఉత్తరానికి అది కూడా లేదు.

మూడు వారాలు గడిచాక ఒక రోజు ఏడున్నరకు గోడ అవతల నుంచి ఆ సీరియల్ పాట వినిపించింది. వాళ్ళింట్లో తెలుగు చానళ్ళు పెట్టించుకున్నారు. నేను వద్దన్న దాన్నే ఆమె చూస్తోంది. కొట్టినా అంత బాధపడేదాన్ని కాదేమో.

అప్పటి నుంచి రెండేళ్ళకు పైగా ఆ సీరియల్‌ను నేను గోడ గుండా విన్నాను. మా టీవీలో పెట్టుకోవచ్చు. పెట్టలేదు, ఆపేశానంటే ఆపేసినట్టే. మే నెలలో కూలర్ మోతకు అటు మాటలు వినపడవు. ఏడున్నరకు నేను కూలర్ కట్టేసేదాన్ని. ఫస్ట్ షిఫ్ట్ చేసి వచ్చి పడుకున్న మా ఆయన బనీను తడిసి లేచి, "నన్ను కాల్చీడానికేటే నీ పేచీ? ఫర్నేసు దగ్గర ఇంతకన్న నయం!" అని అరిచేవాడు. కరెంటు ఆదా అని చెప్పాను. నమ్మలేదు. "ఎల్లి ఆవిడతో మాటాడీ రాదూ," అన్నాడు.

గోడ గుండా కథ అర్థం కాదు, గొంతులు అర్థమవుతాయి. మొదటి నెలల్లో పనిమనిషి గొంతు రాగానే టింగు, టింగు తర్వాత వదిన నవ్వు. కొన్నాళ్ళకు నవ్వు తగ్గింది. తర్వాత శబ్దం కూడా తగ్గింది. పనిమనిషికి మాటలు పెరిగాయి. బజారులో ఆడవాళ్ళు చెప్పుకోగా విన్నాను, కథలో ఆమె ఎవరికో తల్లి అని తేలిందట, ఆస్తి కూడా ఆమెదేనట. అలా పెద్దదవుతున్న కొద్దీ ఆమె మాట మారిపోయింది. ఏటమ్మగారూ పోయింది. ఇలగ పోయింది. చివరికి మిగతా ఏడుగురిలాగే మాట్లాడింది, వేణువులతో సహా. గోడ ఇవతల నిలబడి వింటూ, చూశావా వదినా, మనిషికి మర్యాద ఇచ్చాక మన మాట లాగేసుకున్నారు, నేను మొదటి రోజే చెప్పలేదా, అనుకున్నాను. అంట్లు తోముతూ ఆ మాటలను ఎన్నిసార్లో సరిచేసుకున్నాను. చెప్పాలంటే గుమ్మం దాటి పది అడుగులు. వెయ్యలేదు. నవ్వింది ఆమె.

వాళ్ళాయన రిటైరయ్యాడు. భిలాయి పక్కనే ఉతైలో ఇల్లు కట్టుకున్నారు. సామాన్ల లారీ నిండాక ఆమె మా గుమ్మంలోకి వచ్చింది.

"ఎల్తన్నామొదినా."

"సరే."

"ఉతై ఎంత దూరం? ఆటో ఎక్కితే వచ్చీడమే. ఓపాలి రా."

"చూద్దాం."

ఆమె ఇంకేమైనా అంటుందని ఆగాను. నేను ఎదురుచూసిన మాట వేరే ఉంది. ఆమె లోపలికి తొంగి గోడ మీద తన తల మరక చూసి, "ఇంకా సున్నం వెయ్యనేదేటి మెయింటెనెన్సోళ్ళు?" అంది. వాళ్ళాయన హారన్ కొట్టించాడు. వెళ్ళిపోయింది.

పక్క క్వార్టర్‌లోకి వచ్చినవాళ్ళకు టీవీ లేదు. ఇంటిల్లిపాదీ చెవుల్లో వైర్లు పెట్టుకుని ఫోన్లు చూస్తారు. గోడ ఊరుకుంది. ఒక రోజు పడుకోబోతూ లెక్క చూసుకుంటే ఆ రోజంతా నా నోటి నుంచి ఒక్క తెలుగు వాక్యం పూర్తిగా రాలేదు. పాలవాడితో హిందీ, అబ్బాయితో హిందీ. నైట్ షిఫ్ట్‌కు వెళ్తున్న మా ఆయనతో "టిఫినీ" అన్నాను. అదీ తెలుగు కాదు. నా మాటకు జవాబు చెప్పే మనిషి ముప్పై ఏళ్ళుగా ఒక్కతే అని అప్పుడు తెలిసింది. తెలిసి ఏం లాభం?

మర్నాడు మా అబ్బాయిని అడిగి ఆ మొదటి ఎపిసోడ్ ఫోన్‌లో పెట్టించుకున్నాను. పన్నెండో నిమిషం దాటాను. కొత్త కోడలు పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. ఆ ఇంట్లో ఎవరూ గమనించలేదు. పనిమనిషి కొంగు కింద పళ్ళెం దాచి తీసుకెళ్ళి, తలుపు వేసి, ముద్ద కలిపి నోటికి అందించింది. "తిను తల్లీ. ఏటీ నేదు. అంతా సర్దుకుంటాది." శబ్దం వెయ్యలేదు. వీణ కూడా లేదు. నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. వదిన వాళ్ళమ్మ పోయిన కబురు వచ్చిన రోజున నేను పక్కింటికి అలాగే పళ్ళెం పట్టుకెళ్ళాను, అలాగే ముద్దలు పెట్టాను.

వదిన అచ్చం నువ్వే అన్నది ఈ సీను రాకముందు. నవ్వింది చీపురును చూసే. ఆ విషయంలో నేను ఒక్క అంగుళం తగ్గను. కానీ టీవీ ఆపకుండా ఉంటే ఈ సీను దగ్గర ఆమె ఆ మాటే ఇంకోసారి అని ఉండేదేమో. ఆ రెండోసారిని నేనే కట్టేశాను.

ఆ సాయంత్రం ఫోన్ చేశాను.

"నువ్వేటి! ఒలమ్మ, ఎన్నాళ్ళకొదినా!"

"ఆ సీరియల్ మొదటిది పూర్తిగా చూసాను."

"ఏ సీరియల్?"

చెప్పాను. పనిమనిషి, చీపురు, ఆమె నవ్వు, అన్న మాట, అన్నీ వరసగా చెప్పాను.

"అలగన్నానేటి? నాకు గుర్తు నేదొదినా. సరదాకి అనుంటాను. దానికేనా నువ్వు మాటాడ్డం మానీసావు? మా ఆయనేదో మీ ఆయన్ని డ్యూటీ దగ్గర అనీసాడని నాను ఇన్నాళ్ళూ ఆయన్నే తిడతన్నాను!"

నవ్వింది. నేను నవ్వలేదు. రెండేళ్ళకు పైగా నేను మోసిన మాట ఆమె దగ్గర లేనే లేదు. క్షమాపణ అడగడానికి కూడా ఆమెకు అది గుర్తుండాలి కదా.

వెనక నుంచి ఒక పిల్ల గొంతు, "దాదీ, శురూ హో గయా!" అని కేక వేసింది.

"మనవరాలొదినా. ఇక్కడ తెలుగు పెట్టించనేదు. పిల్లల్తో హిందీయే చూస్తన్నాను, అలవాటైపోనాది. తెలుగుదైతే ఇప్పుడు బుర్రకెక్కదు కూడా."

"సోమవారం కొత్తది మొదలవుతున్నాది," అన్నాను.

"అవునా? నువ్వు చూసి చెప్పు, బాగుందో లేదో. మళ్ళీ మాటాడతాను, ఉంటానొదినా."

సోమవారం ఏడున్నరకు టీవీ పెట్టాను. మొదటి ఎపిసోడ్ మొదటి నుంచి చివరి దాకా, యాడ్స్‌తో సహా, కదలకుండా చూశాను. అందులో ఒకామె పెసరపప్పు చేటలో పోసి రాళ్ళు ఏరుతూ మాట్లాడింది. నా పరీక్ష నెగ్గింది. ఏడుపు సీను కూడా ఒకటి పెట్టారు. అది వస్తున్నప్పుడు నేను టీవీ చూడలేదు. గోడ మీద మరక వైపు చూశాను, అలవాటుగా, ఆమె కొంగు కళ్ళకు అద్దుకుంటోందా లేదా అని.

ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. బాగుందని చెప్పాలో బాగోలేదని చెప్పాలో తేలలేదు. ఏది చెప్పినా ఆమె చూడదు. ఎనిమిదింటికి వేరే సీరియల్ మొదలైంది. అది ఎన్నో ఎపిసోడో, అందులో ఎవరు ఎవరికి ఏమవుతారో నాకు తెలియదు. రిమోట్ పక్కనే ఉంది. కట్టేయలేదు.